గోడ అవతలి ఎడమ చెయ్యి

ఆ సంగీత పాఠశాలలో మూడో అంతస్తు వరండా చివరి గది మంచిది కాదని అందరూ అనేవాళ్ళు. పొద్దుగూకితే అటు తొంగిచూసేవాళ్ళు లేరు. ఊడ్చే ఆవిడ కూడా సగం వరండా ఊడ్చి, మిగతా సగం దేవుడికి వదిలేసి గబగబా దిగిపోయేది.

తాళం వేసిన గది. లోపల ఒక పాత పియానో. చీకటి పడ్డాక... అది తనంతట తనే మోగుతుందట.

"పరీక్ష మాటిమాటికీ తప్పిన పిల్లండీ," అనేవాడు వాచ్‌మన్ తాత, గొంతు తగ్గించి. "మళ్ళీ పరీక్ష వస్తోందని బెంగపడి, జ్వరం తెచ్చుకుని పోయింది. పాపం... ఇంకా ప్రాక్టీసు చేస్తోంది."

ఎవరా పిల్ల అంటే తాత తల గోక్కునేవాడు. ఎప్పటి సంగతంటే ఆకాశంలోకి చూసేవాడు. అయినా అందరూ నమ్మేవాళ్ళు. నమ్మరూ మరి? ఆ గది పెద్ద మేడంది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళకి చచ్చిపోయినా ప్రాక్టీసు తప్పదంటే ఎవరికీ అనుమానం రాదు.

పెద్ద మేడం చేరిన కొత్తలో ఆ స్కూల్లో ఉన్నది ఒక్క పియానో. దానికీ సగం మీటలు మూగవి. పెద్ద పెద్ద హాళ్ళలో తను వాయించి చప్పట్లు కొట్టించుకోగల మనిషి, అదంతా పక్కన పెట్టి పిల్లల ముందు కూర్చుంది. జీవితమంతా ఆ గదిలోనే గడిపేసింది. ఇవాళ పేరు మోసిన పియానో విద్వాంసుల్లో ఎవరిని కదిపినా, ముందు మణికట్టు తడుముకుని ఆ తర్వాత ఆవిడ గురించి చెప్తారు. మణికట్టు మీద అగ్గిపెట్టె పెట్టి వాయించమనేది మరి. అది కింద పడిందా... వేలు తలుపు వైపు చూపించేది.

బాగుంది అన్న మాట ఆవిడ నోట విన్నవాళ్ళు లేరు. బంగారు పతకం మెళ్ళో వేసుకుని పరుగెత్తుకొచ్చిన శిష్యురాల్ని కూడా, "రెండో పేజీలో తొందరపడ్డావు," అని పలకరించింది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి, ఏడాది మధ్యలో, ఉద్యోగం వదిలేసింది. పక్కవీధిలో చెల్లెలింట్లో తలుపేసుకుని కూర్చుంది. పరామర్శకి వెళ్ళినవాళ్ళని, "అక్క పడుకుంది," అంటూ చెల్లెలు గుమ్మంలోంచే సాగనంపేది. పొగరని కొందరన్నారు, వయసని కొందరన్నారు. గదికి తాళం పడింది. మేడం ఉన్నంతకాలం గప్‌చుప్‌గా ఉన్న దెయ్యానికి, అప్పుడు గాని ధైర్యం చిక్కలేదు.

ఇక చిన్న టీచరు సంగతి.

చిన్నపిల్లల క్లాసు చూస్తుంది కాబట్టి ఆమెకి ఆ పేరు. ఒకప్పుడు ఆమె కూడా పెద్ద మేడం శిష్యురాలే. కచేరీ క్లాసులో ఉండగా, ఒకరోజు అందరి ముందూ మేడం పియానో మూత దించేసి అంది – "నీకు చెవులున్నాయి. వేళ్ళున్నాయి. మధ్యలో ఏమీ లేదు."

అంతే. ఆ మర్నాటి నుంచి ఆమె కచేరీ మాటెత్తలేదు. కాళ్ళు నేలకి ఆనని పిల్లలకి సరిగమలు దిద్దించుకుంటూ ఉండిపోయింది.

ఇప్పుడు ప్రిన్సిపాల్ ఆమె వెంటపడ్డాడు, మేడం ఖాళీ చేసిన పెద్ద క్లాసు తీసుకోమని. ఆమె ఏదో వంక పెట్టి తప్పించుకుంటోంది. "నా మొహం! ఆవిడ కుర్చీలో నేనా?" అంది ఇంట్లో భర్తతో. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. "కుర్చీ కరవదు కదే," అన్నాడు అద్దాలు తుడుస్తూ. ఆమె మూతి తిప్పుకుంది.

ఆ వానాకాలం కింది అంతస్తులో కప్పు కారి, ఆమె క్లాసుని మూడో అంతస్తుకి మార్చారు. ఏ గదికి? ఆ చివరి గది పక్క గదికే. మధ్యలో అడ్డంగా చెక్క గోడ – అంతే.

ఒక సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయారు. వాన తెరిపివ్వలేదు. కరెంటు పోయింది. గొడుగు మర్చిపోయిన టీచరు చీకట్లో బల్ల మీద కూర్చుంది...

టంగ్...

బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

టంగ్... టంగ్... మళ్ళీ ఆగింది. గోడ అవతలే. తాళం వేసి ఉన్న గదిలోనే.

లేచి పరుగెత్తాలనుకుంది. కాళ్ళు వింటేగా! కొంగు నోట్లో కుక్కుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. అవతల పియానో మోగుతూనే ఉంది. పిల్లలకి మొట్టమొదట నేర్పే జోలపాట. అందులోనూ ఎడమ చేతి వంతు ఒక్కటే. నెమ్మదిగా... తడుముకుంటూ... ఒకచోటికి రాగానే తడబడుతుంది. మళ్ళీ మొదటికి. మళ్ళీ అక్కడే తడబాటు.

మళ్ళీ అక్కడే.

వినగా వినగా టీచరుకి భయం పక్కకి జరిగి, చిరాకు మొదలైంది. ఎంత దెయ్యమైతే మాత్రం – ఒకే తప్పు అన్నిసార్లా? పాఠాలు చెప్పే మనిషి ఎంతకని ఓర్చుకుంటుంది? నోరు తనంతట అదే తెరుచుకుంది.

"ఉంగరం వేలు దగ్గర కూలబడుతున్నావమ్మా..."

పియానో టక్కున ఆగిపోయింది.

అన్నాక గాని, తను ఎవరితో మాట్లాడిందో ఆమెకి తెలిసి రాలేదు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అయినా మొదలుపెట్టిన పాఠం మధ్యలో వదల్లేక, వణుకుతూనే అంది, "మణికట్టు బిగబట్టకు. భుజం వదిలెయ్యి. ఆ రెండు స్వరాలే వాయించు... మిగతావి రేపు చూద్దాం."

తర్వాత...

టంగ్. టంగ్.

దెయ్యం మాట విన్నది!

ఆ రాత్రి ఇంట్లో ఈ సంగతి చెప్తే భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు. "హాజరు పట్టీలో పేరేమని రాశావ్?" అన్నాడు. కానీ ఆమెకి నిద్ర పట్టలేదు. భయంతో కాదు. ఆ వేలు అలా ఎందుకు కూలబడుతోందా అని.

మర్నాడు గొడుగు చేతిలో ఉన్నా ఆమె కదల్లేదు. ఆ తర్వాత రోజూ అంతే. పిల్లలు వెళ్ళాక చెక్క గోడకి వీపు ఆనించి కూర్చునేది. అవతలి నుంచి మాట లేదు, మంతి లేదు – మీటల చప్పుడొక్కటే. ఆమె మెల్లగా చెప్పేది. "తొందరేం లేదు... వేలు ముందు ఆనించు, తర్వాత నొక్కు... అలిసిపోతే ఆపెయ్యి తల్లీ." పిల్లలతో ఎలా మాట్లాడేదో అలాగే.

"ఒంటరిగా గోడతో మాట్లాడుతోంది, దెయ్యం పట్టేసింది," అని వాచ్‌మన్ తాత కింద అందరికీ చెప్పుకొచ్చాడు. ప్రిన్సిపాల్ వరండాలో ఎదురుపడితే రెండడుగులు వెనక్కి వేయడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం ఆ ఉంగరం వేలు లేచి నిలబడింది. జోలపాట అడ్డంకి దాటింది. సగానికి వచ్చింది. ఆమె గుప్పిళ్ళు బిగించి వింటోంది. చివరి స్వరం... నిదానంగా, గుండ్రంగా పలికింది.

"భలే! భలే తల్లీ! ఎంత బాగా వాయించావో!" అని అరిచేసింది.

గోడ అవతల ఎవరో వెక్కిన చప్పుడు... ఒక్కసారే. వెంటనే ధడాల్‌మని ఏదో పడింది.

ఆమె వరండాలోకి పరుగెత్తింది. చివరి గదికి తాళం వేసినట్టే ఉంది. మెట్లు దిగి, భవనం వెనక్కి వెళ్ళి, వానలో తడుస్తూ చివరి గదికి పోయే ఇనుప మెట్లెక్కింది. వెనక తలుపు... ఓరగా తెరిచి ఉంది.

లోపల చిమ్మచీకటి. పియానో పక్కన తెల్లటి ఆకారం. జుట్టు విరబోసుకుని... నేల మీద...

"లైటు వెయ్యకు," అంది ఆకారం.

ఆ గొంతు ఎవరిదో టీచరుకి వెంటనే తెలిసింది. దెయ్యమైనా బాగుండేది. దెయ్యానికి ఇంత భయపడేది కాదు.

"మేడం... మీరా?"

పెద్ద మేడమే. పక్షవాతం ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుని మూలన కూర్చోబెట్టింది. ఆ సంగతి చెల్లెలికీ డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. వెనక తలుపు తాళంచెవి మాత్రం తిరిగి ఇవ్వలేదు. అంతమంది వేళ్ళు దిద్దిన మనిషి, తన వేలు తడబడటం లోకం చెవిన పడకూడదని, చీకట్లో వచ్చి, చీకట్లో వాయించుకుని వెళ్తోంది. ఇవాళ లేవబోయి స్టూలు తన్నుకుని పడింది.

టీచరు ఆవిడ్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. తను ఇన్నాళ్ళూ అమ్మా, తల్లీ అని బుజ్జగించింది ఎవరినో తలుచుకుని నాలుక కరుచుకుంది.

"క్షమించండి మేడం, నేను తెలియక..."

"పెద్ద క్లాసు ఎందుకు వద్దన్నావు?" అడిగింది మేడం.

"మీకెలా తెలుసు?"

"గోడ పల్చన. నువ్వూ ప్రిన్సిపాలూ వరండాలో గుసగుసలాడుకున్నా వినిపిస్తుంది. ఎందుకు వద్దన్నావు?"

టీచరు తల వంచుకుంది. "మీరే అన్నారు కదండీ... చెవులకీ వేళ్ళకీ మధ్య నాలో ఏమీ లేదని."

వాన కాస్త తగ్గింది. మేడం కుడి చేత్తో ఎడమ చేతి ఉంగరం వేలు నిమురుకుంది.

"నీ చెవికీ నా వేలికీ మధ్య గోడ ఉంది," అంది చివరికి. "చీకటి ఉంది. అయినా ఏ వేలు చచ్చిందో నీకు తెలిసింది. డాక్టరు స్కాను తీసి కూడా చెప్పలేకపోయాడు."

పొగడ్తో, సాధింపో టీచరుకి అర్థం కాలేదు. కళ్ళు మాత్రం నీళ్ళతో నిండాయి. ఏం చెయ్యాలో తోచక పడిపోయిన స్టూలుని నిలబెట్టింది. మేడం దాని మీదకి మారి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. కుడి చేత్తో ఎడమ చెయ్యి ఎత్తి, మీటల మీద జాగ్రత్తగా పెట్టుకుంది – మొదటి రోజు బడికొచ్చిన పిల్ల పెట్టుకున్నట్టు. మణికట్టు వదులు చేసుకుంది.

ఆ తర్వాత వెనక్కి తిరక్కుండానే అడిగింది –

"ఈసారి రెండు చేతులూ కలపమంటారా, టీచర్?"