పడని మందులు: లేవు

ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసులో నరమానవుడు లేడు. బయట మబ్బు కమ్మి లోపల సగం చీకటి. కిటికీ పక్కన గురువుగారొక్కరే పని చేసుకుంటున్నారు. ఆయన అసలు పేరు వేరే. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా, అందుకని ఆ పేరు స్థిరపడింది. "డేటా వండిన కూర. టెంప్లేట్ ఖాళీ పళ్లెం. కంట్రోలర్ వడ్డించేవాడు. మూడూ కలిస్తేనే పేజీ," అనేవారు.

ఫోన్ మోగింది. బావమరిది.

"బావా, అక్క కళ్లు తిరిగి పడిపోయింది. కడుపులో ఏదో పగిలిందట. మీరు సాఫ్ట్‌వేర్ చేసిన ఆస్పత్రికే తెచ్చాను. ఇరవై నిమిషాల్లో ఆపరేషన్. స్పృహలో లేదు బావా!"

గురువుగారు గబుక్కున కంప్యూటర్ వైపు తిరిగారు. భార్యకు ఒక ఇంజెక్షన్ పడదు. ఒకసారి ఇస్తే గొంతు వాచి చావు తప్పింది. ఆ సంగతి ఆస్పత్రి రికార్డులో ఆయనే ఎక్కించారు. అయినా మనసు ఆగక ఆమె పేజీ తెరిచారు.

పడని మందులు: లేవు.

ఆ మాట ఆయన చూడటం అది మొదటిసారి కాదు. ఏడాది కిందట, పేజీ ఎలా కనిపిస్తుందో చూద్దామని, డేటా రావలసిన ఖాళీలో "లేవు" అని చేత్తో రాసిపెట్టింది ఆయనే. పక్కన ఓ గమనిక కూడా: "చూపు కోసం మాత్రమే. తర్వాత తీసేస్తాను." తీయడం మర్చిపోయారు. ప్రతి రోగికీ "లేవు" అనే చూపించింది ఆ పేజీ. పడని ఇంజెక్షన్ పడి ఒక ముసలాయన ప్రాణం పోయింది. ఆ తర్వాతే ఆ లైను తీసేశారు.

విచారణ వస్తుందనగానే గురువుగారు ఏ లైను ఎవరు రాశారో చెప్పే చిట్టాలో తన పేరు తీసి, తన కింద పనిచేసే అమ్మాయి పేరు పెట్టారు. ఆ పిల్ల అందరి ముందూ ఏడ్చింది. "సార్, అది నేను రాయలేదు. మీకు తెలుసు కదా సార్," అంది. తెలుసు. అయినా ఆ పెద్దమనిషి తల దించుకుని ఫోన్ చూసుకున్నాడు. ఉద్యోగం పోయిన తొమ్మిదో రోజున ఆమె కూడా పోయింది.

గురువుగారు తప్పు ఎక్కడుందో వెతికారు. డేటాలో మందు పేరు ఉంది. కంట్రోలర్ దాన్ని సరిగ్గానే పంపుతోంది. టెంప్లేట్ తెరిచారు. అక్కడుంది ఆ లైను, అదే గమనికతో. రాసింది ఆ అమ్మాయి. రాసిన సమయం... ఇప్పుడే.

చెరిపేశారు. మళ్లీ వచ్చింది.

మళ్లీ చెరిపారు. మళ్లీ...

గదిలో నారింజ తొక్క వాసన. ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం తన సీట్లో కూర్చుని నారింజ ఒలుచుకునేది.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే కలవలేదు. బావమరిదికి చేశారు. ఎత్తలేదు. మందు పేరు రాసి మెసేజ్ పంపారు. పంపాక చదివితే "ఏ మందైనా ఇవ్వొచ్చు" అని ఉంది. ఆస్పత్రికి అరగంట దారి. ఇంకా ఎనిమిది నిమిషాలే ఉన్నాయి.

చెవి పక్కనే, నెమ్మదిగా...

"సార్... ఒక్కసారి చూస్తారా?"

"తప్పు నాదే తల్లీ. అందరికీ రాస్తాను. నా భార్యను వదిలెయ్!"

ఏడుస్తూనే రాశారు. యజమానికి, ఆస్పత్రికి, ఆ పిల్ల తల్లికి. ఆ లైను నాది, పేరు మార్చింది నేను, అని. పంపే బటన్ మీద వేలు పెట్టారో లేదో, ఇంకా నొక్కకముందే, పేజీలో "లేవు" పోయి మందు పేరు వచ్చింది. వెంటనే బావమరిది మెసేజ్: "డాక్టర్ ఇంజెక్షన్ మార్చాడు బావా. భయం లేదట."

గురువుగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకున్నారు. ఉత్తరం మళ్లీ చదివారు. ఉద్యోగం, పరువు, జైలు... అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

ఉత్తరం చెరిపేశారు.

"బతికున్నవాళ్ల సంగతి చూసుకోవాలి కదమ్మా," అని గొణిగారు.

నారింజ వాసన పోలేదు.

తెర మీద భార్య పేజీ దానంతటదే ఒకసారి మారింది. మందు పేరు అలాగే ఉంది. దాని కింద...

భర్త: లేరు.

ఫోన్ అందుకున్నారు. ఈసారి ఎత్తాడు.

"ఒరేయ్, అక్కకెలా ఉందిరా?"

"బాగానే ఉందండీ. మీరెవరు?"

"నేనురా... బావని!"

"రాంగ్ నంబరండీ. మా అక్కకింకా పెళ్లే కాలేదు."

మెడలోని గుర్తింపు కార్డు తిప్పి చూసుకున్నారు. తెల్లగా ఉంది. ఫోన్‌లో పెళ్లి ఫోటో తెరిచారు. అందులో భార్య ఒక్కతే నవ్వుతోంది.

ఆఫీసు సిస్టమ్ మొత్తం తన పేరు కోసం వెతికారు. ఒక్కచోట దొరికింది. ఏడాది కిందటి చిట్టాలో, "లేవు" అని రాసిన ఆ లైను పక్కన.