బోర్డు కింద పెన్సిల్ రాత

"ఈ బోర్డు రాసేది మీరేనాండీ?"

తలెత్తి చూస్తే ఒక అమ్మాయి. భుజాన సంచీ, సంచీలో చప్పుడు చేస్తున్న సీసాలు, ముఖం నిండా కోపం. సాధారణంగా ఆ ప్రశ్న అడిగేవాళ్ళు థాంక్స్ చెప్పడానికే అడుగుతారు. అందుకని కాస్త గర్వంగానే అవునన్నాను.

"అయితే ఫిర్యాదుల పుస్తకం ఇవ్వండి."

తెనాలి స్టేషన్‌కి నాలుగడుగుల దూరంలో మా పాఠకుల సంఘం వారి చదువుల గది ఉంది. సంఘానికి అధ్యక్షులు మా తాతయ్య సీతారామాంజనేయులు గారు. రిటైరైన హెడ్మాస్టరు. ఇప్పటికీ చొక్కా జేబులో ఎర్ర పెన్ను లేకుండా గడప దాటరు. పగలు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే నేను, సాయంత్రాలు ఆ గదిలో కూర్చుని బోర్డు రాస్తుంటాను. ఏ సంస్థ ఏ పరిశోధనకి గ్రాంటు ఇస్తోంది, ఏ సేవాసంఘానికి సాయం చేస్తోంది, ఎవరు అర్హులు, ఆఖరి తేదీ ఎప్పుడు అన్నవి ఇంటర్నెట్టంతా గాలించి, తెలుగులో రాసి అతికిస్తాను. అది ఉద్యోగం కాదు, పిచ్చి. నా పేరు ప్రణీత్ అయినా ఇంట్లో అందరూ నన్ను 'ఆరా మాస్టారు' అనే పిలుస్తారు.

అలాంటి నాకు నాలుగు నెలలుగా ఒక్క ఆరా మాత్రం దొరకడం లేదు. ప్రతి సోమవారం వచ్చి చూసేసరికి బోర్డు అంచున పెన్సిల్‌తో ఒక ప్రశ్న ఉండేది. 'దీనికి పీజీ వాళ్ళు పనికొస్తారా?' 'గైడు సంతకం తప్పనిసరా?' 'ఇంత మంచి కబుర్లు మీకు ఎక్కడ దొరుకుతాయి?' నేను కింద నీలం సిరాతో జవాబు రాసేవాణ్ణి. వచ్చే సోమవారానికి ఇంకో ప్రశ్న. శనివారాలు గదిలో ఉండేది తాతయ్య. ఎవరు రాస్తున్నారు తాతయ్యా అంటే, "నేను వచ్చినవాళ్ళ ముఖాలు చూడనురా, చెప్పులు బయట విప్పారా లేదా అన్నదే చూస్తాను" అన్నారు.

ఇప్పుడు ఈ అమ్మాయి నిలబడే ఫిర్యాదు రాసేసి, పుస్తకం నా వైపు తోసింది. చదివాను. జపాన్ సంస్థ ఒకటి నీళ్ళ మీద పరిశోధన చేసే విద్యార్థులకి ఇచ్చే గ్రాంటు గురించి నేను రాశాను. ఆఖరి రోజు సాయంత్రం ఐదు అని పెట్టాను. ఆమె మధ్యాహ్నం మూడింటికి దరఖాస్తు పంపబోతే వెబ్‌సైటు మూసేసి ఉంది. ఐదంటే జపాన్ ఐదు. మనకి ఒకటిన్నర.

తప్పు నాదే. కానీ అప్పుడు నన్ను కట్టిపడేసింది ఆ తప్పు కాదు. పెన్సిల్‌తో రాసిన ఆ అక్షరాలు. తలకట్లన్నీ తోకల్లా పైకి ఎగిరే ఆ రాత. నాలుగు నెలలుగా నేను సోమవారం కోసం ఎదురుచూసింది ఈ రాత కోసమే.

క్షమించమన్నాను. ఆమె క్షమించలేదు. పేరు నాగజ్యోతి. బాపట్లలో ఎమ్మెస్సీ. ఊరు రేపల్లె దాటి సముద్రం వైపు. శనివారం ఇంటికి వెళ్తూ తెనాలిలో రైలు మారాలి గనక, రేపల్లె బండి వచ్చేదాకా మా గదిలో కూర్చుంటుందట. ఈ రోజు మాత్రం ఫిర్యాదు కోసమే పనిగట్టుకుని వచ్చింది. వాళ్ళ వైపు చేతిపంపుల్లోకి ఏటేటా ఉప్పు ఎంత ఎక్కుతోందో కొలవడం ఆమె ప్రాజెక్టు. తొలకరి పడకముందే, నీళ్ళు బాగా ఉప్పెక్కి ఉన్నప్పుడే, పన్నెండు ఊళ్ళ నీళ్ళు పట్టాలి. ఈ వేసవి తప్పితే మళ్ళీ వేసవే. అంతవరకూ ఆగే ఓపిక గైడుకి లేదు, వేరే అంశం తీసుకోమని చెప్పేశాడు.

"మీకిది ఒక తేదీ అండి. నాకు రెండేళ్ళ చదువు," అంది.

ఆ మాట పట్టుకుని వారం రోజులు వెతికాను. ఒకచోట ఊరు సరిపోదు, ఇంకోచోట వయసు సరిపోదు. మరొకచోట అన్నీ సరిపోయాయి గానీ సముద్రం బదులు కొండలు కావాలట. చివరికి బెంగళూరు ట్రస్టు ఒకటి దొరికింది. ఒక విద్యార్థి, ఒక స్థానిక సంఘం కలిసి దరఖాస్తు చేయాలి. గడువు పన్నెండు రోజులు. ఈసారి ఫోన్ చేసి, ఏ దేశపు గంటలో కూడా కనుక్కున్నాను. ఫోనెత్తినాయన మీరు ఏ దేశం నుంచి అని అడిగాడు.

సంఘమంటే మాదే ఉంది. అధ్యక్షుల సంతకమే కావాలి. నాగజ్యోతికి కబురు చేసి, కాగితాలతో ఇద్దరం తాతయ్య దగ్గరికి వెళ్ళాం. తాతయ్య కాగితాలు పక్కన పెట్టి ఆమెను కూర్చోమన్నారు. ఉప్పు నీళ్ళకీ మా పుస్తకాలకీ ఏం పొత్తని అడిగారు.

"మా ఊళ్ళల్లో నీళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారండి. ఫలితం ఏంటో వచ్చి చెప్పినవాళ్ళు లేరు. మీ బోర్డు లాంటిది ప్రతి పంపు దగ్గరా పెట్టి, తెలుగులో రాద్దామని," అంది నాగజ్యోతి.

తాతయ్య ఆమె చెప్పుల కోసం గుమ్మం వైపు చూశారు. బయటే ఉన్నాయి. సంతకం పెట్టారు.

దరఖాస్తులో అన్నీ నిండాయి, ఒక్క గడి తప్ప. 'మీరు కొలవని గత సంవత్సరాల పరిస్థితి మీకెలా తెలుస్తుంది?' ఆమె దాన్ని ఖాళీగా వదిలేసింది. పాత లెక్కలు ఎక్కడా లేవు, అబద్ధం రాయనంది. ఖాళీ గడి చూస్తే నాకు నిద్ర పట్టదు. ఆదివారం రేపల్లె బండెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఫొటోలు కావాలన్నది నేను చెప్పిన కారణం.

ఆమె ప్రతి పంపు దగ్గరా సీసా నింపుతుంటే, నేను కనపడినవాళ్ళనల్లా అడుగుతూ తిరిగాను. మూడో పంపు దగ్గర మాణిక్యాంబ గారని ఒక పెద్దావిడ బిందె కడుగుతోంది. ఈ నీళ్ళు ఎప్పటినుంచి ఇలా అయ్యాయి మామ్మా అన్నాను.

"మా చిన్నదాని పెళ్ళికి ఈ నీళ్ళతోనే కందిపప్పు వండాం బాబూ, వెన్నలా ఉడికింది. దాని కొడుకు అన్నప్రాసన నాటికి ఎంతసేపు పెట్టినా పలుకు పలుకే. అప్పట్నుంచీ పప్పుకి ఆ వీధి చివర పంపుకి పోతున్నా. ఇప్పుడదీ అంతే."

ఒక పిల్లాడు పంపు కొడుతూనే ఉన్నాడు, నాగజ్యోతి చేతిలోని సీసా నిండి పొంగిపోతోంది. ఆమె చూసుకోలేదు. ఆవిడ నాగజ్యోతికి పుట్టినప్పటినుంచీ తెలిసిన మనిషి. ఇంటికొచ్చినప్పుడల్లా పలకరించే మనిషి. పప్పు గురించి మాత్రం ఎప్పుడూ అడగలేదట.

సాయంత్రంలోపు ఇరవై ఇళ్ళు తిరిగాం. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, గృహప్రవేశాలు. ఏ శుభకార్యానికి ఏ పంపు నీళ్ళతో పప్పు ఉడికిందో ఆడవాళ్ళందరికీ గుర్తే. శుభలేఖలు తెచ్చి తేదీలు కూడా చూపించారు. ఖాళీ గడిలో పట్టక వెనక కాగితం జతచేయాల్సి వచ్చింది.

నన్ను తిరుగు బండి ఎక్కించడానికి ఆమె కూడా వచ్చింది, ఇద్దరం రేపల్లె ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. ఉన్నట్టుండి వేసవి జల్లు. ఆమె సీసాల సంచీని నా గొడుగు కిందికి జరిపి, తను తడుస్తూ నిలబడింది. నేనూ గొడుగు బయటికే వచ్చాను. సీసాలు మాత్రం పొడిగా ఉన్నాయి.

"ఒక మాట అడగనా అండి? ఇన్ని ఆరాలు తీస్తారు కదా, ఆ జపాన్ గడువు ఎలా పొరపడ్డారు?"

ఇక దాచలేకపోయాను. ప్రతి శనివారం ఎవరో పెన్సిల్‌తో రాసి వెళ్తారని, నీళ్ళ గురించి రెండుసార్లు అడిగారని, ఆ గ్రాంటు కనపడగానే ఆ మనిషి వచ్చే వేళకి అది బోర్డు మీద ఉండాలని శుక్రవారం రాత్రి హడావిడిగా రాసేశానని చెప్పాను. రెండోసారి చదవలేదు.

ఆమె సంచీలో ఒక సీసా మూత మళ్ళీ బిగించింది.

"ఆ పెన్సిల్ ఎవరిదో ఎప్పుడు తెలిసింది?"

"మీరు ఫిర్యాదు రాసినప్పుడే."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే తప్పుకి సాకులా ఉంటుందని. మీరంటే ఇష్టమండి. ఆ సంగతి మీ పని అయ్యాక చెబుదామనుకున్నా."

బండి వచ్చింది. ఆమె వంగి గొడుగు ముడిచింది. సంచీ తీసుకుంది, గొడుగు నా చేతికిచ్చింది. బండి కదిలాక కిటికీలోంచి చూస్తే, వానలో అలాగే నిలబడి ఉంది.

దరఖాస్తు గడువుకి మూడు రోజుల ముందే వెళ్ళింది. ఆ తర్వాత మూడు సోమవారాలు బోర్డు అంచు ఖాళీ. బోర్డు మీద ఎన్ని గ్రాంటులు రాసినా, ఖాళీ కాగితం అతికించినట్టే ఉండేది నాకు. నోరు అదుపులో పెట్టుకోలేని ఆరా మాస్టారుకి తగిన శాస్తి అనుకున్నాను.

నాలుగో వారం శుక్రవారం ట్రస్టు నుంచి ఈమెయిల్ వచ్చింది. గ్రాంటు మంజూరు. పప్పు కాగితాన్ని కమిటీ ప్రత్యేకంగా మెచ్చుకుందట. ఆ సాయంత్రమే బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఆ కబురు రాశాను. శనివారం నేనే కూర్చుంటానంటే, తాతయ్య ఒప్పుకోలేదు. ఎవరి రోజు వాళ్ళదేనన్నారు.

సోమవారం తాళం తీసి, లైటు కూడా వేయకుండా బోర్డు దగ్గరికి వెళ్ళాను. అంచున పెన్సిల్ రాత ఉంది. తలకట్లు ఎప్పటికన్నా ఎక్కువ ఎగురుతున్నాయి.

'పన్నెండు ఊళ్ళకీ సీసాలు సిద్ధం. ఇంకో విషయం. ఈ బోర్డు రాసేవారికి ఎక్కడైనా సంబంధం కుదిరిందా? కుదరకపోతే మా నాన్నతో ఎప్పుడు మాట్లాడతారు? అమ్మకి చెప్పేశాను.'

దాని కింద ఎర్ర సిరా.

'కుదరలేదు. మాకు సమ్మతమే. పిల్ల చెప్పులు ఎప్పుడూ బయటే విప్పుతుంది. తేదీ ప్రణీత్ రాయవలెను. ఈసారి సరిచూసుకొని. - అధ్యక్షుడు.'

నా నీలం పెన్ను తీశాను. రాశాను, రెండుసార్లు చదువుకున్నాను.

'వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు, మీ ఇంటికి, తాతయ్యతో. ఇండియా టైము.'