లక్ష ఓముల మనిషి

"ఈ వంకాయలు పొద్దున్న కోసినవే బాబూ," అంది బండి దగ్గర ముసలమ్మ. ఆమె చేతి నిజకంకణం పచ్చగా వెలిగింది. సన్యాసిరావు మారుమాట లేకుండా సంచీ చాపాడు. కళింగతీరం కాలనీలో బేరాలు మానేసి ఇరవై ఏళ్లయింది. పెళ్లి మాటలు, సరిహద్దు తగువులు, ఆలస్యంగా వచ్చిన పిల్లలు బడిలో చెప్పే సాకులు, అన్నీ కంకణం వెలుగులోనే తేలిపోతున్నాయి.

"మీరు సత్తెం సెప్తారో లేదో సూడక్కర్లేదు. లచ్చ ఓముల మనిషి మీరు," అని ఆమె నవ్వింది.

నెల కిందటి వరకు ఆ మాటకు ఆయన మీసం దువ్వేవాడు. ఇవాళ తల ఎత్తలేకపోయాడు.

నిజానికి కంకణంలో బ్రహ్మవిద్యేమీ లేదు. అరచేతికి తగిలే రెండు బిళ్లల మధ్య అది అర వోల్టు పెడుతుంది. పారిన కరెంటు ఎంతో చూసి, వోల్టేజిని దానితో భాగిస్తుంది. వచ్చేది చర్మ నిరోధం, ఓముల్లో. అబద్ధమాడితే అరచెయ్యి చెమర్చి నిరోధం పడిపోతుంది. లక్ష ఓములకు పైనైతే సత్యం, పచ్చ. కిందైతే అసత్యం, ఎరుపు. బడిపిల్లలు చేసే భాగహారం మీద ఊరి నమ్మకమంతా నిలబడింది.

సన్యాసిరావు సముద్రపు నీటిని తియ్యబరిచే మిల్లులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. నెల కిందట ఉప్పునీటి వాల్వు కట్టకుండా టీ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కాలనీ మొత్తానికి పది రోజులు సరిపోయే మంచినీళ్లు ఉప్పు కషాయమయ్యాయి. తగువులు తేల్చే నిజసభలో అడిగితే, "కట్టే వెళ్లాను," అనేశాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు, భయంతో నోరు జారింది. రెండే రెండు మైక్రో ఆంపియర్లు పారాయి. రెండున్నర లక్షల ఓములు. పచ్చ.

ఆ పచ్చ ఎక్కడిదో ఆయనకు తెలుసు. నీళ్లలో కలిపే సున్నం ముప్పై ఏళ్లు చేతులతో ఎత్తిపోసి ఆయన అరచేతులు చెక్కల్లా అయ్యాయి. వాటిలోంచి ఏ చెమటా బయటికి రాదు.

తర్వాత అదే షిఫ్టులో ఉన్న నూకరత్నం నిలబడింది. "నాను దాన్ని ముట్టుకోనేదు," అంది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అరచేతులు చెమరుస్తాయి. పది మైక్రో ఆంపియర్లు, యాభై వేల ఓములు. ఎరుపు. ఏడాదిపాటు ఆమె మాట చెల్లదని సభ తీర్మానించింది. ఆనాటి నుంచి కొట్లో ఉప్పు అడగాలన్నా, కొడుకుకి ఒళ్లు వెచ్చబడిందని డాక్టరుకు చెప్పాలన్నా, ఆమె పక్కింటావిడను బతిమాలి వెంట తీసుకుపోతోంది. ఆసుపత్రి వరండాలో ఆమె అలా నోరు మూసుకుని నిలబడి ఉండగా చూసిన రోజున సన్యాసిరావుకి అన్నం సహించలేదు. సిగ్గుతో చితికిపోయాడు.

ఒప్పుకుందామనుకున్నాడు. కానీ ఈ చేతులతో ఒప్పుకున్నా పచ్చే వెలుగుతుంది. అబద్ధానికీ పచ్చే, నిజానికీ పచ్చే అయితే సభ దేన్ని నమ్మాలి? అందుకని రోజూ కొబ్బరినూనె రాసి, నానబెట్టి, రాయితో అరచేతులు తోమాడు. పదిహేను రోజులకు పొరలు ఊడి, కింద ఎర్రటి మెత్తటి చర్మం బయటపడింది. ఇక కంకణం తనని సరిగ్గా చదువుతుందని నమ్మాడు.

ఇవాళ ఆ వంకాయల సంచీతోనే సభకు వెళ్లాడు. నూకరత్నం వెనక వరసలో కూర్చుని ఉంది. ఆమె మొహం కనపడగానే ఆయనకు చెవులు వేడెక్కాయి.

"వాల్వు కట్టనిది నేనే. ఆ రోజు అబద్ధం చెప్పాను. నూకరత్నం తప్పేమీ లేదు," అన్నాడు.

ఇరవై మైక్రో ఆంపియర్లు. పాతికవేల ఓములు. కంకణం నిప్పుకణికలా ఎర్రబడింది.

సభ పెద్ద గౌరీశ్వరి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "సన్యాసిరావు గారూ, ఆ పిల్ల కష్టం చూడలేక నింద నెత్తిన వేసుకోబోయారు. మీ మనసు అర్థమైంది. కానీ కంకణాన్ని కాదనలేం కదా."

"అది సిగ్గమ్మా! సిగ్గుతో చెమట పట్టింది! కావాలంటే లెక్క చూడండి..."

ఆయన మాట చప్పట్లలో కలిసిపోయింది. జనం లేచి నిలబడ్డారు. ఎవరో దండ కూడా తెచ్చారు.

"ఆయన సెప్పింది నిజిఁవే!" అని వెనక నుంచి నూకరత్నం అరిచింది. సభ గుమాస్తా తల కూడా తిప్పలేదు. చెల్లని మాట రాసుకునే పని లేదు.

బయట మెట్ల దగ్గర ఆయన ఆమె ముందు చేతులు జోడించాడు. ఆ చేతుల్లోంచి ఇంకా చెమట కారుతూనే ఉంది. ఆ ఇరవై మైక్రో ఆంపియర్లను అర వోల్టుతో గుణిస్తే అంతా కలిపి పది మైక్రోవాట్లు. దాంతో చీమ కాలు కూడా వెచ్చబడదు.

"ఏటి సేస్తాం బాబాయ్," అంది నూకరత్నం, ఆయన మెడలో దండ వైపు చూస్తూ. "ఆవేల నాను నిజిఁవే సెప్పాను, ఈవేల నువ్వూ నిజిఁవే సెప్పావు. ఇద్దరికీ ఎర్రగానే ఎలిగింది. నీకు దండేసారు."