ఆఖరి గుక్క నీళ్ళు

మిట్టమధ్యాహ్నం... కానీ ఆకాశంలో సూర్యుడి జాడే లేదు! కారుమేఘాలు కాటుక పులిమినట్టు వీధినంతా కమ్ముకున్నాయి. ఎదుటి మేడ పిట్టగోడ మీద, పట్టపగలు, ఒక గుడ్లగూబ వచ్చి వాలింది. రెప్ప వేయకుండా టైలరక్క కొట్టు వైపే చూస్తూ కూర్చుంది.

టైలరక్క దాన్ని గమనించలేదు. ఆమె ధ్యాసంతా స్టూలు మీద కూర్చున్న దారాలాయన మీదే ఉంది. రీళ్ళూ, బొత్తాలూ మూటగట్టుకుని కొట్టుకొట్టుకూ తిరిగి అమ్ముకునే ముసలాయన. వచ్చినప్పుడల్లా తీరిగ్గా కూర్చుని ఆమె గోడు వింటాడు. ఆ గోడంతా తోడికోడలి గురించే. మంచాన పడ్డ అత్తగారికి ఏళ్ళ తరబడి చాకిరీ చేసింది టైలరక్క. చివరిరోజున మందుల కోసం ఆమె అలా బయటికి వెళ్ళగానే, చుట్టపుచూపుగా వచ్చిన చిన్నకోడలి చేత గుక్కెడు నీళ్ళు తాగి అత్తగారు కన్నుమూసింది. "ఎంత పుణ్యాత్మురాలివే, ఆఖరి నీళ్ళు నీ చేతివే!" అని చుట్టాలంతా చిన్నదాన్నే మెచ్చుకున్నారు. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది. ఆనాటి నుంచీ తోడికోడళ్ళకు మాటల్లేవు.

"మీ తోడికోడలికి ఒంట్లో బాగుండటం లేదటగా?" అన్నాడు దారాలాయన.

"పోతే పీడా విరగడవుతుంది," అంది టైలరక్క బాబిన్‌కి దారం చుడుతూ. ఆమె ఎప్పుడూ అనే మాటే అది.

ఫెళఫెళమంటూ పిడుగు...! కొట్టు షట్టరు దభాలున నేలకు దిగింది. లైటు ఆరిపోయింది. ఆ గాఢాంధకారంలో దారాలాయన తన మూట విప్పాడు. రీళ్ళ మధ్యనుంచి ఒక కపాలం బయటపడింది. దాని కంటిగుంతల్లో ఎర్రని వెలుగు రాజుకుంది. లోపలినుంచి ఎవరివో గుసగుసలు వినపడుతున్నాయి... టైలరక్క చెవి ఒగ్గి వింది. ఆ గొంతు తనదే!

"పోతే పీడా విరగడ... పోతే పీడా విరగడ..."

"నువ్వన్న ప్రతిసారీ ఇందులో దాచాను," అన్నాడు దారాలాయన వేషంలో ఉన్న ఆ మాంత్రికుడు. ముసలి వణుకు ఇప్పుడు ఆ గొంతులో లేదు. "పరాయివాడి మంత్రం కన్నా ఇంటి మనిషి శాపం పదునమ్మా. అదిగో చూడు."

కొలతలు చూసుకునే మూలనున్న తెర దానంతటదే పక్కకు జరిగింది. దాని వెనక చిన్నకోడలు! నిద్రలో నడిచి వెనక గుమ్మంలోంచి వచ్చిన మనిషి. విరబోసుకున్న జుట్టు, తెల్లగా తిరిగిపోయిన కనుగుడ్లు, పెదవుల మీద తనది కాని నవ్వు...

"ఇప్పుడు దాని మొహం చూస్తూ ఒక్కసారి 'చావు' అను. దాని ఆయుష్షు నాది. తలుపు తీసుకుని నీ దారిన నువ్వు పో."

"ఏదో కడుపుమంటకి అన్నాను. నిజంగా చావాలని కాదు."

"అందరూ అలాగే అంటారు."

వెనక గుమ్మానికి చిన్నకోడలే అడ్డుగా ఉండటంతో ఆమె షట్టరు దగ్గరికి పరుగెత్తింది. ఎత్తబోతే కదల్లేదు. అంచు పొడవునా ఎర్రదారంతో నేలకు కుట్టేసి ఉంది! బయట వానకు జనం పరుగెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎంత అరిచినా ఉరుముల్లో ఆమె గొంతు ఎవరికీ వినపడలేదు. ఇంతలో టకటకమంటూ కుట్టుమిషను తనంతట తానే నడిచింది. అందులోంచి పాకుకుంటూ వచ్చిన దారం ఆమె చీలమండలను చుట్టుకుని, నడుముదాకా ఎగబాకింది. ఊపిరి తీయాలన్నా నొప్పిగా ఉంది.

"పెద్దదానా..." అంది చిన్నకోడలు. గొంతు మాత్రం చచ్చిపోయిన అత్తగారిది! "నువ్వు పోసిన నీళ్ళు ఎంత చేదుగా ఉండేవే! అందుకే దీని చేత తాగి పోయాను."

ఆ మాట గుండెల్లో దిగింది. 'చావు' అన్న మాట టైలరక్క నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి ఆపుకుంది. దేవుణ్ణి తలుచుకోబోతే గొంతు పూడుకుపోయింది.

"పగ నిండిన గొంతులో దేవుడి పేరెలా పలుకుతుంది?" వికటాట్టహాసం చేశాడు మాంత్రికుడు.

తడుముకున్న చేతికి కత్తెర దొరికింది. అత్తగారిచ్చిన కత్తెర. గుడ్డ ఎవరిదైనా సరే, కత్తిరించే ముందు కత్తెరను కళ్ళకద్దుకుని, "తొడుక్కున్నవాళ్ళు చల్లగా ఉండాలి" అనుకోవడం ఆవిడ నేర్పిన అలవాటు. డబ్బులెగ్గొట్టిన వాళ్ళ కోసం కూడా టైలరక్క ఆ మాట అనుకుంది. ఒక్క తోడికోడలి కోసం తప్ప.

కత్తెర కళ్ళకద్దుకుంది. "ఇది... చల్లగా ఉండాలి," అంది. మాట పైపైనే వచ్చింది. దారం ఇంకా బిగిసింది. మాంత్రికుడు నవ్వుతూనే ఉన్నాడు.

అప్పుడు కపాలం వెలుగులో చిన్నదాని జాకెట్టు కనబడింది. చంక దగ్గర పిగిలితే ఆ పిల్లే చేత్తో కుట్టుకున్నట్టుంది. వంకరటింకర కుట్లు. కొత్తకోడలుగా వచ్చినప్పుడు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు ఈ పిల్లకు. తన ఒళ్ళో కూర్చోబెట్టుకున్నంత ప్రేమగా నేర్పింది తనే. ఇన్నేళ్ళూ చిరుగు పట్టుకుని గుమ్మం దాకా రాలేక, ఎవరినీ అడగలేక...

టైలరక్కకు ఏడుపు ముంచుకొచ్చింది. తెగని దారాలను ఈడ్చుకుంటూ, రక్తం కారుతున్న కాళ్ళతో అడుగులేసింది. చిన్నదాన్ని ఆవహించిన పిశాచం గోళ్ళు తన వీపులో దిగుతున్నా, ఆమెను గట్టిగా కావలించుకుంది.

"దేవుడా, నేనన్న మాటలన్నీ నా మీదే వెయ్యి. నా చెల్లెలు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి!"

ఈసారి గొంతు పూడుకోలేదు. ఆ పిలుపు ఏ లోకానికి చేరిందో గానీ... చీకటిని చీల్చుకుంటూ మహోజ్జ్వలమైన తెల్లని కాంతి కొట్టంతా నిండింది! కపాలం ఫటేలున పగిలింది. దారాలన్నీ టైలరక్కను వదిలేసి మాంత్రికుడి మీదికి ఎగబడ్డాయి.

"వద్దు... ఆ మాట నాది కాదు... దానిదే!" అని కేకలు పెట్టాడు. ఇన్నాళ్ళూ ఆ శాపాన్ని కపాలంలో దాచి పెంచుకున్నది అతనే. మెడదాకా, నోటిదాకా చుట్టుకున్న దారాల్లో ఆ కేక అణిగిపోయింది. వెలుగు తగ్గేసరికి నేల మీద చిక్కుపడ్డ దారపు ఉండా, గుప్పెడు బూడిదా మిగిలాయి.

షట్టరు దానంతటదే లేచింది. వాన వెలిసింది. పిట్టగోడ మీద గుడ్లగూబ లేదు.

చిన్నకోడలు కళ్ళు తెరిచి దాహమంది. టైలరక్క గ్లాసు నోటి దగ్గర పెడితే, తాగకుండా ఆ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆరోజు అత్తయ్యకు చూపు ఆనలేదు. 'పెద్దదేదీ, అదిస్తేనే తాగుతా' అని నోరు బిగించేసింది. ఏం చెయ్యాలో తోచక, నీ గొంతు పెట్టి 'నేనే అత్తయ్యా, తాగండి' అన్నాను. అప్పుడు తాగింది. అందరూ నన్ను పొగుడుతుంటే నిజం చెప్పడానికి నోరు రాలేదు."

టైలరక్క చెంపల మీది తడి తుడుచుకుని, గ్లాసు మళ్ళీ ఆమె పెదవులకు ఆనించింది.

"ముందు తాగు," అంది. "తాగి ఆ జాకెట్టు విప్పియ్యి. సరిగ్గా కుడతాను."