కుడి పక్క మెరుపు

పోచమ్మ గుడిలో వెండి కండ్ల జత ఒకటి పోయింది.

కంటి జబ్బు నయం కావాలని మొక్కుకున్నవాళ్లు వెండి రేకుతో కండ్లు చేయించి ఆ తల్లి ముందు పెట్టడం లింగంపేటలో ఆనవాయితీ. గుడిలో అలాంటి జతలు చాలా ఉన్నాయి. పోయింది మాత్రం ఒక్కటే. పక్కనే ఉన్న వెండి కిరీటాన్ని దొంగ ముట్టుకోనేలేదు.

ఎల్లారెడ్డి పోలీసు ఠాణాకు పెద్ద అయిన అమీన్ యాకూబ్ అలీ ఈ కేసును ఒక్క పూటలో తేల్చేశాడు. తేల్చేశానని అనుకున్నాడు.

మక్కచేను కాపలా కాసే హన్మండ్లు సాక్ష్యం చెప్పాడు. "దీపాలు పెట్టే యాళ్లకు గుడి దిక్కు బ్యాటరీ లైటు మెరిసింది దొరా. రెండుసార్లు చూసిన."

ఊరు మొత్తం మీద బ్యాటరీ లైటు ఉన్నది ఒక్కడికే. మిషన్ పని మీద ఊళ్లు తిరిగే స్వామిదాసుకు. పైగా కిరస్తానం మనిషి. ఇంకేం కావాలి? పటేలు వేలు చూపించాడు, జవానులు ఈడ్చుకొచ్చారు. వారం రోజులుగా లాకప్పులో దెబ్బలు తింటున్నాడు. "నేను తియ్యలే" అన్న మాట తప్ప వాడి నోటినుంచి ఇంకో మాట రాలేదు.

రేపు తొమ్మిదింటి బస్సులో వాణ్ణి కామారెడ్డికి, అక్కణ్ణుంచి రైల్లో నిజామాబాదు అదాలతుకు విచారణకు పంపాలి. పోతే జైలే. అమీన్ సంతకం ఒక్కటే తరువాయి.

ఠాణా మెట్ల మీద స్వామిదాసు భార్య మరియ కూర్చుని ఉంది. అమీన్‌ను చూసి లేచింది.

"అమీన్ సాబ్, కిరీటం ఇడిసిపెట్టి ఒక్క జత కండ్లు తీసే దొంగ ఉంటడా?"

యాకూబ్ అలీకి తల కొట్టేసినట్టయింది. అది తను అడగాల్సిన ప్రశ్న. వారం ఆలస్యంగా, అదీ ముద్దాయి పెళ్లాం నోట వినాల్సి వచ్చింది.

కలం పక్కన పెట్టి సైకిలెక్కాడు.

సాయంత్రం ఆరు. లింగంపేట, మక్కచేను.

"ఆ పొద్దు ఎట్ల నడిచినవో అట్లనే నడువు," అన్నాడు హన్మండ్లుతో.

మంచె దగ్గరనుంచి ఊరికి ఒకటే బాట. ఊరి వైపు పోతుంటే గుడి కుడి పక్కన.

"లైటు ఏ పక్క కనబడ్డది?"

"ఇంటికి బువ్వకు పోతుంటే కుడి పక్క."

"రెండోసారి?"

"బువ్వ తిని మంచెకు తిరిగొస్తుంటే. గప్పుడు గూడ కుడి పక్కనే."

"తిరిగొచ్చేటప్పుడు గుడి నీకు ఎడమకుంటది గదరా!"

హన్మండ్లు ఆగిపోయాడు. బాట వైపు చూశాడు, గుడి వైపు చూశాడు. కుడి కన్ను నులుముకున్నాడు.

అమీన్ అతన్ని గుడిసెలోకి తీసుకుపోయి తలుపు వేశాడు. సందులకు గొంగడి అడ్డం పెట్టాడు. లోపల కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడలేదు.

"కండ్లు అటూ ఇటూ తిప్పు."

"అగో! మెరిసింది దొరా! కుడి పక్క. గప్పటంతగా లేదు, సన్నగ."

"నా చేతిల బ్యాటరీ లేదు హన్మండ్లు."

అమీన్ గొంగడి లాగేసి తలుపు తెరిచాడు.

"ఎప్పటిసంది?"

"నాట్లప్పుడు ఎద్దు కొమ్ము కంటి మీద తాకింది. గప్పటిసంది మెరుపులు. నా పెండ్లాం ముత్తవ్వ పోచమ్మకు మొక్కి కండ్లు పెట్టింది. అమ్మకు కండ్లు పెట్టినంక మెరుపులు పోయినయనే అనుకున్న. గందుకే గది నిజం లైటే అనుకున్న దొరా. నేను అబద్ధమాడలే."

"మీరు పెట్టిన జత ఏది?"

"కొత్తది. పోయింది గదే."

పోయిన కండ్లు ఎవరివని ఈ వారంలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

పొద్దున ఏడున్నరకు చావడి దగ్గర ఊరు కూడింది. స్వామిదాసును జవాను రెక్క పట్టుకుని నిలబెట్టాడు. సొంత కాళ్ల మీద నిలబడే స్థితి లేదు.

"లైటు గుడిల లేదు. హన్మండ్లు కంట్ల ఉంది," అన్నాడు అమీన్. "అందుకే పోతే కుడి పక్క, వస్తే కుడి పక్క. ఇగ కండ్లు. సొమ్ము కోసమొచ్చిన దొంగ కిరీటం ఇడువడు. తను పెట్టింది తాను తీసుకునే మనిషే ఒక్క జత తీస్తది. అవునా ముత్తవ్వా?"

హన్మండ్లు భార్య కొంగులో మూట విప్పింది. వెండి కండ్లు తళుక్కుమన్నాయి.

"నా కడియం కరిగిచ్చి చేయించిన," అంది. "ఈయన కంట్ల మసి రాలుతున్నట్టు నల్ల సుక్కలొచ్చినయి. కామారెడ్డి దవాఖాన కాంపౌండరు సంతల చెప్పిండు, మెరుపులకు సుక్కలు తోడైతే ఒక్క పూట గూడ ఆగొద్దని. అమ్మ జూడకపాయె. అమ్ముకుని తోల్కపోదామని తీసిన."

"మరెందుకు పోలే?"

"నువ్వే గద దొరా, సాక్షి ఊరు దాటొద్దని హుకుం జేసినవు."

పటేలు దగ్గాడు. యాకూబ్ అలీ స్వామిదాసును విడిచిపెట్టమని జవానుకు సైగ చేశాడు.

"నా మొగణ్ణి కొడుతుంటే సూస్కుంట ఊకున్నవా అక్కా?" అంది మరియ.

స్వామిదాసు కోసం ఆపిన తొమ్మిదింటి బస్సు హన్మండ్లును, ముత్తవ్వను ఎక్కించుకుపోయింది. అమీన్ కూడా ఎక్కాడు.

కామారెడ్డిలో డాక్టరు కంటిలోకి లైటు వేసి చాలాసేపు చూశాడు.

"కంటి లోపలి పొర చిరిగి ఊడిపోయింది. మెరుపులు కొత్తగా మొదలైనప్పుడే రావాలి. నల్ల చుక్కలు కురిసిన రోజైనా రావాల్సింది. హైదరాబాదులో వాతపెట్టి అతికించే ప్రయత్నం చేసేవాళ్లు. పక్కనుంచి తెర దిగింది ఎప్పుడు?"

"మూడొద్దులాయె," అన్నాడు హన్మండ్లు. "నల్ల దుప్పటి కప్పినట్టు."

"ఇప్పుడు నడిమికి వచ్చేసింది. ఇన్నాళ్లు ఎవరు ఆపారయ్యా మిమ్మల్ని?"

అమీన్ గోడకేసి చూశాడు.

బయటికొచ్చాక హన్మండ్లు ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. "మెరుపులు బాగ తగ్గినయి దొరా. నయమైతున్నట్టే గద?"

మెరుపులు తగ్గేది ఆ కంటి చూపు ఆరిపోతున్నందుకేనని చెప్పే ధైర్యం యాకూబ్ అలీకి లేకపోయింది. ముత్తవ్వ కొంగులోని వెండి కండ్లను తిరిగి గుడికి చేర్చాలి గనుక, మాట మార్చడానికి వాటి కోసం చెయ్యి చాపాడు.

ముత్తవ్వ వాటిని ఆ చేతిలో పెట్టింది.

"అమ్మకొద్దు దొరా. నువ్వే పెట్టుకో," అని మొగుడి చెయ్యి పట్టుకుని నడిచింది.