సబ్జెక్టుకు లేని తాళం

ఆమె పళ్లు తోముకుంటుండగా మందుల ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు. తిట్టలేదు. ఒక్క వాక్యం చదివి వినిపించాడు: "పరీక్షలో తప్పిన పిల్లల దగ్గుమందు నలభై ఒకటో బ్యాచ్‌ను శుక్రవారం బయటికి పంపుతున్నారు, ఆపండి." గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చేసి వెళ్లమన్నాడు.

అది ఆమె వాక్యమే. మొన్న మందుల తనిఖీ ఆఫీసుకు పేరు లేకుండా, ఎవరూ చదవకుండా ఉత్తరానికి తాళం పడుతుందని తమ్ముడు తెరిచిచ్చిన మెయిల్ నుంచి పంపింది. ల్యాబ్‌లో ఆ ఫలితం చూసింది ఆమె ఒక్కతే.

బ్రష్ చేత్తోనే హాల్లోకొచ్చింది. కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు బల్ల మీద ఏదో విప్పుతున్నాడు.

"దేవుడు దిగొచ్చినా చదవలేడని ఒట్టేశావు కదరా!"

"ముందు ఆ నురగ ఉమ్మేసి రా అక్కా."

"నీ మొహానే ఉమ్మేస్తాను! నా ఉద్యోగం పోయింది."

అతను ఆ మెయిల్ వాళ్ల సైట్ తెరిచి చాలాసేపు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"లోపలి ఉత్తరానికే తాళమక్కా. సబ్జెక్టుకు లేదు. ఎవరికి పంపావో, ఎప్పుడు పంపావో కూడా దాగవు. ఆ ఆఫీసు మెయిల్ పెట్టె తెరిచిన ఎవడికైనా, తాళంచెవి లేకపోయినా కనిపిస్తుంది. ఎవడో కంపెనీకి చేరేశాడు."

"ఇది ముందే రాసుందా?"

"ఉంది. తాళం బొమ్మ చూసి చాలనుకున్నా. అయినా సబ్జెక్టులో అందరూ 'ఫిర్యాదు' అని రాస్తారు. కథంతా అక్కడే రాసేదానివి నువ్వొక్కదానివే!"

ఆమె హాల్లోనే పేపరు పట్టుకుని కూర్చున్న తండ్రి వైపు తిరిగింది. ఆయన హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు. ఈ ఇంట్లో పిల్లలు సైకిల్ కావాలన్నా 'విషయం: సైకిల్ కొనిపించుట గురించి' అని రాసివ్వాల్సి వచ్చేది.

"కింద ఎవడూ చదవడు, పైనే అంతా చెప్పమని నేర్పింది నేనే," అన్నాడాయన. "తప్పు నాదేనమ్మా."

"నాదంటే నాదని పంచుకోండి! నా బతుకు బజారున పడింది. మీకేం పోయింది? ఈ రెండు రోజులూ ఎన్నిసార్లు ఆ మెయిల్ తెరిచి చూసుకున్నానో తెలుసా? ఎవరికైనా తెలిసిపోయిందేమోనని..."

తన మాట తనకే వినిపించి ఆగిపోయింది. ఎన్నిసార్లు తెరిచినా తను దొరికిపోయానా అనే చూసింది. బ్యాచ్ ఆగిందా అని ఒక్కసారీ చూడలేదు. సీసాల కన్నా ముందు తనను దాచుకుంది. ఇందాకటి నుంచి తమ్ముడి మీద అరిచిన కోపానికి అసలు చిరునామా తనేనని తెలిసింది. విచిత్రంగా, ఫలితం చూసిన రోజు నుంచి వెంటాడిన భయం ఇప్పుడు లేదు. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

"శుక్రవారం ఎల్లుండే," అంది.

"మళ్లీ ఆ ఆఫీసుకేనా? అక్కడ ఒకడు అమ్ముడుపోయాడక్కా."

"వాళ్ల పై ఆఫీసుకు. పత్రికలకు. పిల్లల ఆస్పత్రులన్నింటికీ. నేనే వెళ్లి చేతికిస్తాను. నాన్నా, కాగితం తీసుకో. మొదట నా పేరు రాయి."

"కంపెనీ వాళ్లు ఊరుకోరమ్మా."

"నేనూ ఊరుకోను నాన్నా."

అంటూనే ఏడ్చేసింది. తమ్ముడు లేచి చెప్పులు వేసుకున్నాడు. తండ్రి కూతురి పేరు రాశాడు. ఇంటిపేరుతో సహా రాశాడు, ఒక్క అక్షరం కూడా కుదించలేదు.