ఎడమకు అర మలుపు

కుర్చీ చూపించినా తాళాలు చేసే పెద్దాయన కూర్చోలేదు.

"ఎల్లుండి మావాడి అప్పీలు విచారణ. వాడు తప్పు చేశాడు, కాదనను. గడియారాల దుకాణం తలుపు తెరిచింది వాడే. కానీ పట్టుబడగానే సరుకెక్కడ దాచారో ఇన్‌స్పెక్టరుకు చెప్పేశాడు. ఆయనేమో వాడు నోరే విప్పలేదని రాశాడు. ముఠా నాయకుడితో సమానంగా అయిదేళ్ళు పడింది."

ప్రైవేటు డిటెక్టివును అందరూ నిదానంగారనే పిలిచేవారు. ఆరేళ్ళలో ఆయన తొందరపడటం అసిస్టెంటమ్మాయి ఒక్కసారీ చూడలేదు. ఆయనంటే ఆమెకు అంత గురి.

"వకీలుగారేమంటారు?" అన్నారు నిదానంగారు.

"పోలీసులకు సహకరించినట్టు రుజువైతే శిక్ష తగ్గొచ్చట. రుజువేదీ?" పెద్దాయన కేసు కాగితాలు బల్ల మీద పెట్టాడు. "దొంగ తండ్రినని తలదించుకున్నాను. కొడుకు అబద్ధాలకోరు కూడా అంటే తట్టుకోలేను బాబూ."

నిదానంగారు కేసు కాగితాలు తిరగేసి, గడియారాలు దొరికిన ఇనప్పెట్టె ఫోటో దగ్గర ఆగారు. తాళంచెవి పక్కనే దొరికిందని కింద రాసి ఉంది.

"ఇందులో ఏమీ లేదు కదండీ. తాళం మీద గీత కూడా లేదు," అంది అసిస్టెంటు.

"లేకపోవడమే చూడమ్మా." ఆయన పెద్దాయనవైపు తిరిగారు. "ఈ పెట్టె ఎవరు చేశారు?"

"మావాడే." పెద్దాయన నడుం నిటారైంది. "చెవిని ముందు ఎడమకు అర మలుపు తిప్పి, లోపలికి నొక్కి, అప్పుడు కుడికి తిప్పాలి. నేరుగా కుడికి తిప్పితే లోపల మేకు పడి తాళం బిగుసుకుపోతుంది. ఇక పగలగొట్టుకోవడమే. ఆ కిటుకు మా ఇద్దరికే తెలుసు."

మర్నాడు కోర్టు అనుమతితో సాక్ష్యాలు భద్రపరిచే గదిలో అందరూ చేరారు. పెద్దాయన, ఇరుపక్షాల వకీళ్ళు, ఇన్‌స్పెక్టరు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఎవరి సాయమూ లేకుండా సరుకు పట్టుకున్నారట. పెట్టె ఎలా తెరిచారో చూపిస్తే మేమూ నేర్చుకుంటాం," అన్నారు నిదానంగారు.

పొగడ్తకు పొంగనివాడెవడు? ఇన్‌స్పెక్టరు మీసం సవరించుకుని చెవి అందుకున్నాడు. ఎడమకు అర మలుపు, ఒక నొక్కు, కుడికి. మూత లేచింది.

"తాళంచెవి దొరికితే ఎవరైనా కుడికే తిప్పుతారు," అన్నారు నిదానంగారు. "మీరూ అలాగే తిప్పి ఉంటే మేకు పడేది, పెట్టె పగలగొట్టాల్సి వచ్చేది. ఫోటోలో గీత లేదు. అంటే మొదటిసారికే మీకు కిటుకు తెలుసు. అది తెలిసినవాళ్ళు ఇద్దరే. ఈ పెద్దాయన్ని మీరు ఈరోజే చూశారు. ఇక మిగిలింది, నోరు విప్పలేదని మీరు రాసిన మనిషి. కేసు ఒంటిచేత్తో తేల్చానన్న పేరు కోసం అతని మాట మింగేశారు."

ఇన్‌స్పెక్టరు మూత దించాడు. "చెప్పాడు. గంటలోపే చెప్పాడు."

సర్కారు వకీలు ఆ మాట రాసుకుని సంతకం తీసుకున్నాడు.

అప్పీలు కోర్టు నేరాన్ని మాఫీ చేయలేదు. దొంగతనం దొంగతనమే అంది. కానీ సరుకు తిరిగి రావడానికి సాయపడ్డవాడికీ, పడనివాడికీ ఒకే శిక్ష న్యాయం కాదని అయిదేళ్ళను రెండుకు తగ్గించింది. అందులో ఏడాదిన్నర అప్పటికే గడిచిపోయింది.

కోర్టు మెట్ల మీద పెద్దాయన నిదానంగారి చెయ్యి పట్టుకున్నాడు. తల ఎత్తే ఉంది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఇన్‌స్పెక్టరు తడుముకోకుండా తెరిచాడు, చూశారా? ఆ కిటుకు మావాడికి ఎక్కించడానికి నాకు వారం పట్టింది. వాడు గంటలో చెప్పేశాడు, అదీ తాళాల సంగతే తెలియనివాడికి. నాకంటే మంచి పనివాడండీ."